జబ్బు లేనివాళ్లకు టీబీ మందు వేయించడం: ఫీల్డ్‌లో మా అనుభవం

ఒక ఇంట్లో ఒకరికి తెమడలో టీబీ బయటపడితే మాకు ఆ రోజు రెండు పనులుంటాయి. మొదటిది ఆ మనిషికి మందు మొదలుపెట్టించడం. రెండోది, ఆ ఇంటి కప్పు కింద పడుకునే మిగతావాళ్ల పేర్లు రాసుకోవడం. మొదటి పని ఆశా నుంచి మెడికల్ ఆఫీసర్ దాకా అందరికీ చేతికి అలవాటైనదే. రెండోది చాలాచోట్ల పేర్లు రాయడంతోనే ఆగిపోతుంది.

ఆ పేర్లవాళ్లలో చాలామందికి జబ్బేమీ ఉండదు. దగ్గు లేదు, జ్వరం లేదు, ఎక్స్‌రే తేటగా ఉంటుంది, తెమడలో క్రిమి కనిపించదు. వాళ్ల వల్ల ఇంకొకరికి అంటదు కూడా. అయినా కొందరి ఒంట్లో క్రిమి చేరి, చావకుండా, పెరగకుండా అణిగి ఉంటుంది. దీన్నే టీబీ ఇన్ఫెక్షన్ అంటున్నాం. పాత పుస్తకాల్లో లేటెంట్ టీబీ అని ఉండేది. ఇలాంటివాళ్లు నూరుమంది ఉంటే, మందు వెయ్యకపోతే జీవితకాలంలో 5 నుంచి 10 మందికి అది జబ్బుగా మారుతుంది. అందులో దాదాపు సగం మొదటి రెండేళ్లలోనే. అందుకే కొత్తగా టీబీ బయటపడిన ఇంటి వెంట పడతాం. 2019-21లో జరిగిన జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 31 శాతం మందికి ఈ ఇన్ఫెక్షన్ ఉన్నట్టు తేలింది. అంతమందికీ మందు వెయ్యలేం, అవసరమూ లేదు. జబ్బుగా మారే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లను ఏరుకోవాలి.

ఎవరిని ఏరాలో 2021 జాతీయ మార్గదర్శకాల్లో ఉంది. ఊపిరితిత్తుల టీబీ పరీక్షలో ఖాయమైన మనిషి ఇంట్లో అన్ని వయసులవాళ్లు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, ఇంట్లో టీబీ ఉన్నా లేకపోయినా. కీళ్లవాతానికో, పేగు జబ్బుకో యాంటీ టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్లు (ఒంటి రోగనిరోధక శక్తిని అణిచేవి) మొదలుపెట్టబోయేవాళ్లు, డయాలిసిస్ చేయించుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడికి వెళ్లేవాళ్లు, రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్ వచ్చినవాళ్లు. మా దగ్గర నూటికి తొంభై పని మొదటి వరసదే కాబట్టి దాని గురించే రాస్తాను.

పేర్లు రాసుకోవడంలోనే మొదటి పొరపాటు జరుగుతుంది. "ఇంట్లో ఎంతమందండీ?" అంటే రేషన్ కార్డులో ఉన్నవాళ్ల లెక్క చెబుతారు. పెళ్లై వెళ్లి పురిటికి వచ్చిన కూతురు, చదువుకోసం ఉంటున్న చెల్లెలి కొడుకు, పక్క వాటాలో ఉంటూ ఇక్కడే భోంచేసే తమ్ముడు ఆ లెక్కలోకి రారు. "గడిచిన మూడు నెలల్లో రాత్రిపూట ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారమ్మా?" అని అడిగితే నలుగురున్న జాబితా ఏడుగురవుతుంది. హాస్టల్లో ఉండే పిల్లల పేర్లు కూడా అప్పుడే రాసి, వాళ్లు సెలవులకు ఎప్పుడొస్తారో పక్కన రాసుకోవాలి. ఒక్కొక్క పేరునీ నిక్షయ్‌లో, అంటే టీబీ రోగుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, అసలు పేషెంటు కిందే ఎక్కించాలి. విడిగా ఎక్కిస్తే ఆ లింకు తెగిపోయి, రేపు అసలు పేషెంటుకి మందు పని చెయ్యని రకం టీబీ అని తేలినా ఈ ఇంటివాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుకు రావు.

తర్వాతది జబ్బు లేదని తేల్చుకోవడం. అన్నిటికన్నా దీనిమీదే ఎక్కువ టైం పెట్టాలన్నది నా అభిప్రాయం. లోపల నిజంగా టీబీ జబ్బు ఉన్న మనిషికి ఇన్ఫెక్షన్ అనుకుని ఐసోనియాజిడ్ అనే టీబీ మందు ఒక్కటే రోజూ ఇచ్చామనుకోండి, కోట్ల క్రిముల్లో ఆ మందుకి లొంగనివి మిగిలి పెరుగుతాయి. మనమే మొండి టీబీని తయారుచేసినట్టు. క్రిములు అణిగి ఉన్నప్పుడు వాటి సంఖ్య చాలా తక్కువ కాబట్టి ఒకటి రెండు మందులతో సరిపోతుంది. జబ్బు ఉంటే నాలుగు మందులు కావాలి.

అడగాల్సినవి నాలుగు: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. పిల్లల్లో బరువు పెరగకపోవడం, చురుకు తగ్గడం. "దగ్గుందా?" అంటే "లేదండీ" అనేస్తారు. పొయ్యి దగ్గర పొగకి వచ్చే దగ్గు, బీడీ దగ్గు, చలికాలం దగ్గు వాళ్ల లెక్కలో దగ్గు కాదు. అదే ప్రశ్న పక్కనున్న అత్తగారిని అడిగితే "తెల్లారగట్ల దగ్గుతానే ఉంటదిగా" అని బయటికొస్తుంది. బరువు ఖచ్చితంగా తూచి రాయాలి. ఇంటికి బరువు మిషన్ తీసుకెళ్లకుండా "యాభై ఉంటానండీ" అన్నమాట రాసుకుంటే రెండు నష్టాలు. పిల్లల డోసు తప్పుతుంది. మూడు నెలల తర్వాత మనిషి తగ్గాడో లేదో చెప్పడానికి ఆధారం ఉండదు.

ఐదేళ్లు దాటినవాళ్లందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయించడం మంచిది. ఇదివరకు ఎక్స్‌రే కోసం సీహెచ్‌సీకో, ఏరియా ఆసుపత్రికో పంపితే సగం మంది కూలి పోతుందని వెళ్లేవాళ్లు కాదు. 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో చేతిలో పట్టుకుని తీసే ఎక్స్‌రే మిషన్లను ఊళ్లోకి తెచ్చాక ఈ కష్టం కొంత తగ్గింది. అందులో కంప్యూటరు చూసి అనుమానం అన్నవాళ్లకి, లక్షణం ఏదైనా ఉన్నవాళ్లకి తెమడ తీసి ట్రూనాట్‌కో సీబీనాట్‌కో (తెమడలో టీబీ క్రిమి జన్యువుని పట్టే మిషన్ పరీక్షలు) పంపాలి. ఎప్పుడో వచ్చి తగ్గిన జబ్బు మచ్చ కూడా ఎక్స్‌రేలో కనిపిస్తుంది కాబట్టి, అనుమానం అని రాగానే భయపెట్టకూడదు. తెమడ ఫలితం వచ్చేదాకా ఈ ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టకూడదు. ఐదేళ్లలోపు పిల్లలకు మాత్రం లక్షణాలు లేవని డాక్టరు తేల్చాక, చర్మం మీద పరీక్ష కోసం, రక్త పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. చిన్నపిల్లల్లో జబ్బుగా మారే వేగం ఎక్కువ. మెదడు పొరలకు పాకే టీబీ వాళ్లకే ఎక్కువ వస్తుంది.

ఇక పరీక్షలు. చేతి మీద చేసే మాంటూ పరీక్ష అందరూ విన్నదే. చిన్న సూది, ట్యూబర్‌క్యులిన్ సిరంజి, 0.1 మి.లీ., ముంజేతి లోపలివైపు చర్మం పొరల మధ్యకి. సూది రంధ్రం పైకి ఉండాలి. సరిగ్గా పడితే 6 నుంచి 10 మి.మీ. తెల్లటి పొంగు, నారింజ తొక్కలా గుంటలతో, వెంటనే లేస్తుంది. లేవలేదంటే మందు చర్మం కిందికి జారిపోయినట్టే. ఇంకోచోట మళ్లీ వెయ్యాలి. ఆ చోట పెన్నుతో గుండ్రంగా గీసి, రుద్దొద్దని, పసుపు, సున్నం, జండూబామ్ రాయొద్దని చెప్పాలి. చెప్పకపోతే తప్పకుండా రాస్తారు.

చూడాల్సింది 48 నుంచి 72 గంటల మధ్య. ఇక్కడ క్యాలెండరు చూసుకోవడం ముఖ్యం. శుక్రవారం సూది వేస్తే చూడాల్సిన రోజు ఆదివారం. ఆదివారం ఎవరూ ఉండరు, సోమవారం చూస్తే చివరి గడువులో పడతాం, అదీ పేషెంటు పొద్దున్నే వస్తే. సోమ, మంగళ, బుధవారాల్లో వేయడమే మేలు. పండగల వారంలో అసలు వెయ్యకపోవడమే నయం.

చదవడంలో ఎక్కువ మంది చేసే తప్పు ఎరుపుని కొలవడం. ఎరుపుతో మనకి పని లేదు. గట్టిపడిన భాగాన్నే కొలవాలి. బాల్‌పెన్నుని చర్మం మీద మెల్లగా నెట్టుకుంటూ బయట నుంచి లోపలికి తీసుకొస్తే, గట్టిదనం అంచు దగ్గర పెన్ను తట్టుకుని ఆగుతుంది. అక్కడ చుక్క. రెండోవైపు నుంచి కూడా అలాగే చుక్క. చేతికి అడ్డంగా ఆ రెండు చుక్కల మధ్య స్కేలు పెట్టి మి.మీ.లో రాయాలి. చేతి పొడుగునా కాదు. గట్టిదనం లేకపోతే "0 మి.మీ." అని రాయాలి, నెగెటివ్ అని కాదు. 10 మి.మీ., ఆపైన ఉంటే పాజిటివ్. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి 5 చాలు.

మాంటూతో చిక్కు బీసీజీ టీకా. మనలో చాలామందికి పుట్టినప్పుడే వేస్తారు, దాని వల్ల కూడా చెయ్యి గట్టిపడొచ్చు. మన దేశంలో బీసీజీ వేయడం 1948లో మొదలైంది మదనపల్లెలోనే, ఆరోగ్యవరం శానిటోరియం ఉన్న ఊరు. ఆ టీకా మనకి చేసిన మేలు మేలే, ఈ పరీక్షకి మాత్రం కొంత గందరగోళం తెచ్చింది. దానికి విరుగుడుగా వచ్చిందే సై-టీబీ అనే చర్మ పరీక్ష. బీసీజీలో లేని రెండు ప్రొటీన్లతో చేసింది. వేసే పద్ధతి, చదివే గడువు మాంటూలాగే. కొలత మాత్రం 5 మి.మీ., ఆపైన ఉంటే పాజిటివ్. 10 అనే అలవాటుతో 7 మి.మీ. ఉన్నవాళ్లని నెగెటివ్‌గా రాసేస్తున్న రిజిస్టర్లు కనిపిస్తాయి. ఏ వయల్ వాడామో పక్కన రాయకపోతే తర్వాత దిద్దడానికి కూడా వీలుండదు.

ఇగ్రా అనేది రక్త పరీక్ష. నాలుగు గొట్టాలు, ఒక్కోదాంట్లో 1 మి.లీ. రక్తం. గొట్టం లోపలి గోడకి పూసిన పదార్థం కలవడానికి పదిసార్లు తలకిందులుగా ఊపాలి. మరీ గట్టిగా ఊపితే ఫలితం తేలదు, ఊపకపోయినా అంతే. రక్తం తీశాక 16 గంటల్లోపు 37 డిగ్రీల ఇంక్యుబేటర్లోకి వెళ్లాలి, అక్కడ 16 నుంచి 24 గంటలు. రెండోసారి రానక్కర్లేదు కాబట్టి కూలిపనివాళ్లకి అనువుగా ఉంటుంది. కానీ ల్యాబుకి దూరం ఎక్కువైతే ఎండాకాలం బస్సులో పంపిన శాంపిల్ "తేలలేదు" అని తిరిగొస్తుంది. తేలలేదంటే నెగెటివ్ కాదు. మళ్లీ తియ్యాలి.

ఏ పరీక్షైనా ఇన్ఫెక్షన్ ఉందని చెబుతుంది. అది పాతదా కొత్తదా, జబ్బుగా మారిందా అనేది చెప్పలేదు. క్రిమి కొత్తగా చేరితే చర్మం స్పందించడానికి 2 నుంచి 8 వారాలు పడుతుంది. నీరసంగా, పోషణ లేక ఉన్న పిల్లల్లో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో ఇన్ఫెక్షన్ ఉన్నా నెగెటివ్ రావచ్చు. పరీక్ష దొరకలేదన్న కారణంతో ఇంటివాళ్లకు మందు ఆపొద్దని మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

మందు ఎంచుకునేముందు అసలు పేషెంటు రిపోర్టు చూడాలి. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందని సీబీనాట్‌లో ఉంటే మామూలు దారి. తర్వాత ఎల్‌పీఏలో (ఏ మందుకి క్రిమి లొంగదో చెప్పే ల్యాబు పరీక్ష) ఐసోనియాజిడ్ పనిచెయ్యదని వస్తే, ఇంటివాళ్లకి 4ఆర్, అంటే రిఫాంపిసిన్ రోజూ నాలుగు నెలలు. పేషెంటుది రిఫాంపిసిన్‌కే లొంగని రకమైతే లెవోఫ్లాక్సాసిన్ ఆరు నెలలు. దాన్ని 2024లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా సిఫారసు చేసింది, వియత్నాం, దక్షిణాఫ్రికాల్లో జరిగిన ట్రయల్స్ చూశాక. ఎల్‌పీఏ ఫలితం వారాల తర్వాత వస్తుంది, అప్పటికి ఇంటివాళ్లకి మందు మొదలైపోయి ఉంటుంది. ఆ ఫలితం వచ్చినరోజే ఇంటి జాబితా తెరిచి చూడటం అలవాటు చేసుకోకపోతే, వాళ్లు పనిచెయ్యని మందు ఆరు నెలలూ వేసుకుంటారు.

మామూలు దారిలో రెండు రకాలున్నాయి. 6హెచ్ అంటే ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలు. పెద్దవాళ్లకి కిలోకి 5 మి.గ్రా., 300 దాటకుండా. పిల్లలకి కిలోకి 10 మి.గ్రా. రెండేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి ఇదే. 3హెచ్‌పీ అంటే వారానికొకసారి, పన్నెండు వారాలు. ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ రెండూ 900 మి.గ్రా. చొప్పున. రెండూ 300 చొప్పున కలిసిన మాత్ర దొరికితే ఒక డోసుకి మూడు మాత్రలు, మొత్తం 36. విడివిడిగా ఇస్తే ఐసోనియాజిడ్ మూడు, రిఫాపెంటిన్ 150 మాత్రలు ఆరు కలిపి తొమ్మిదవుతాయి. ఒక్కసారి తొమ్మిది మాత్రలు చేతిలో పోస్తే ఎవరికైనా భయమే. రెండేళ్ల నుంచి 14 ఏళ్ల దాకా బరువుని బట్టి ఇవ్వాలి. 10 నుంచి 15 కిలోలకి రెండూ 300 చొప్పున, 24 నుంచి 30 కిలోలకి రెండూ 600 చొప్పున.

3హెచ్‌పీనే మేలని నా ఉద్దేశం. జబ్బు లేనివాళ్ల చేత ఆరు నెలలు రోజూ మాత్ర మింగించడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. 2011లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో కూడా వారపు మందు పూర్తిచేసినవాళ్లు 82 శాతం, తొమ్మిది నెలల ఐసోనియాజిడ్ పూర్తిచేసినవాళ్లు 69 శాతం. ఒక జాగ్రత్త: పన్నెండు వారాలకి సరిపడా మందు పేరు రాసి విడిగా డబ్బాలో పెట్టాకే మొదటి డోసు వెయ్యాలి. ఐదో వారంలో స్టాకు లేదని ఆపితే ఆ ఇల్లు మళ్లీ మన మాట వినదు.

ఏ రోజు వెయ్యాలన్నది చిన్న విషయంలా ఉంటుంది కానీ, కోర్సు నిలబడేది దాని మీదే. ఇంటిల్లిపాదీ ఉంటారని చాలామంది ఆదివారం పెట్టుకుంటారు. ఆదివారం మగవాళ్లు తాగే రోజు. ఈ రెండు మందులూ కాలేయం మీద పడేవే, మందు మీద మందు వద్దు. శనివారం వెంకటేశ్వరస్వామికి ఒంటిపొద్దు ఉండేవాళ్లున్నారు, రిఫాపెంటిన్ భోంచేశాక వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. అందుకని ఊరి సంత రోజు పెడతాం. సంత మర్చిపోయేవాళ్లు ఉండరు. ఉపవాసాల నెలలో ముస్లిం ఇళ్లలో ఇఫ్తార్ భోజనం తర్వాత వేసుకోమంటాం.

డోసు తప్పితే: రెండు రోజుల్లోపు గుర్తొస్తే వెంటనే వేసుకుని, వచ్చే వారం పాత రోజుకే వెయ్యాలి. రెండు రోజులు దాటి గుర్తొస్తే వెంటనే వేసుకుని, ఇక నుంచి ఆ రోజునే కొత్త వారంగా పెట్టుకోవాలి. రెండు డోసుల మధ్య నాలుగు రోజులకన్నా తక్కువ దూరం రాకూడదు. తప్పిపోయిందని ఒకేరోజు రెండు డోసులు మింగేవాళ్లున్నారు, అది ముందే హెచ్చరించాలి. పన్నెండులో కనీసం పదకొండు డోసులు, 120 రోజుల్లోపు పడితేనే పూర్తయినట్టు. 6హెచ్‌లో 182కి కనీసం 146 డోసులు, 239 రోజుల్లోపు.

"మాకేం జబ్బు లేదుగా, మందెందుకండీ?" అన్నది ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న. శాతాలు చెబితే ఎక్కదు. "పంట మీద పురుగు కనిపించాక కొట్టే మందు వేరు, విత్తనశుద్ధి వేరు కదా" అంటే రైతు ఇంట్లో వెంటనే అర్థమవుతుంది. ఇంకో చిక్కు డబ్బు. టీబీ రోగికి నెలకి వెయ్యి రూపాయలు పోషణ కింద ఇస్తున్నారు, 2024 నవంబరు నుంచి. అది ముందుజాగ్రత్త మందు వేసుకునేవాళ్లకి లేదు. ముందే చెప్పకపోతే నెల తర్వాత "మా డబ్బులేవి?" అని గొడవవుతుంది.

మొదటి డోసు తర్వాత రోజు ఫోన్ చెయ్యడం తప్పనిసరి. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే రక్తమని భయపడి మానేస్తారు. అది మందు రంగు, ఒకటి రెండు రోజుల్లో తేటపడుతుంది. కామెర్ల పసుపు అలా కాదు, వారం పొడుగునా ఉంటుంది, కళ్ల తెల్లగుడ్డు పచ్చబడుతుంది, అన్నం చూస్తే వాంతొస్తుంది. అలా అయితే మందు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి పంపాలి. లక్షణాలుండి కాలేయం పరీక్షలో ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) మామూలుకి మూడింతలు దాటినా, లక్షణాల్లేకుండా ఐదింతలు దాటినా మందు ఆపాల్సిందే. కొందరికి మూడు నాలుగు డోసులయ్యాక జ్వరం, ఒళ్లునొప్పులు, తల తిరుగుడు ఫ్లూలాగా వచ్చి ఒక రోజులో పోతాయి. కళ్లు తిరిగి పడిపోతే, బీపీ పడిపోతే అది వేరు. ఆ మనిషికి మళ్లీ ఈ మందు వెయ్యకూడదు. అరికాళ్ల తిమ్మిర్లు ఐసోనియాజిడ్ వల్ల. షుగరు ఉన్నవాళ్లకి, తాగేవాళ్లకి, గర్భిణులకి మొదటి నుంచే పైరిడాక్సిన్ (విటమిన్ బి6) కలిపి ఇస్తే రావు.

తీరం ఊళ్లలో ఒక మాట అదనంగా చెప్పాలి. ఐసోనియాజిడ్ వేసుకున్న రోజు సూర, కానాగంత లాంటి చేపలు తింటే కొందరికి ముఖం ఎర్రబారి, గుండె దడ, తలనొప్పి వస్తాయి. చేప నిల్వదైతే ఇంకా ఎక్కువ. మందు పడలేదనుకుని మానేస్తారు. ఆ రోజుకి వేరే కూర చేసుకోమంటే సరిపోతుంది.

వేరే మందులతో గొడవ ఇంకా పెద్దది. రిఫాపెంటిన్ కాలేయాన్ని వేగంగా పనిచేయించి మిగతా మందుల్ని త్వరగా బయటికి పంపేస్తుంది. మాలా-ఎన్ గర్భనిరోధక మాత్ర వేసుకునే ఆమెకి ఆ మాత్ర పనిచెయ్యదు. ఈ మూడు నెలలు, తర్వాత ఒక నెల నిరోధ్ వాడాలి, కాపర్-టీ ఉంటే ఇబ్బంది లేదు. ఈ ప్రశ్న మగ సూపర్‌వైజరు వరండాలో నిలబడి అడిగితే జవాబు రాదు, ఏఎన్‌ఎం లోపలికి తీసుకెళ్లి అడగాలి. గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్లకి షుగరు పెరగొచ్చు, ఆమ్లోడిపిన్ వాళ్లకి బీపీ పెరగొచ్చు. రెండో వారం, ఆరో వారం చూసుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లని, కొన్ని రకాల హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లని ముందే డాక్టరుకి చూపించాలి. కామెర్లు ఉన్నవాళ్లకి, రోజూ తాగేవాళ్లకి మొదలుపెట్టకూడదు.

కోర్సు అయ్యాక మాంటూ, ఇగ్రా మళ్లీ చేయించొద్దు. మందు పనిచేసినా అవి చాలామందిలో పాజిటివ్‌గానే ఉండిపోతాయి. ఈ సంగతి పైచదువులకి అమెరికా వెళ్లే పిల్లలకి బాగా అక్కరకొస్తుంది. అక్కడ చాలా యూనివర్సిటీలు చేరగానే టీబీ పరీక్ష అడుగుతాయి. పాజిటివ్ వస్తే, మందు పేరు, డోసుల సంఖ్య, మొదలుపెట్టిన తేదీ, ముగిసిన తేదీ ఉన్న కాగితం, ఒక ఎక్స్‌రే చూపించగలగాలి. అందుకే ట్రీట్‌మెంట్ కార్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టుకోమంటాం. కాగితం పోతుంది, ఫోటో ఉంటుంది.

తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి అదే నాలుగు ప్రశ్నలు, అదే బరువు మిషన్. మధ్యలో దగ్గు రెండు వారాలు దాటితే ముందు వేసుకున్న మందుని నమ్ముకుని కూర్చోకుండా తెమడ పరీక్షకి రావాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బు పడదు.